రాష్ట్రానికో ఇన్వర్టర్!

కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ ఉంటుంది. మరి రాష్ట్రం మొత్తానికే కరెంటు పోతే? ఆస్ట్రేలియాలో ఓ రాష్ట్రం ఆ కష్టం పడింది. పందెం కాసి మరీ ఓ పెద్ద బ్యాటరీ పెట్టించుకుంది. అందరూ నవ్వారు. రెండేళ్లకే ఆ బ్యాటరీ తన ఖరీదును మించిన మేలు చేసి చూపించింది. ఇప్పుడు మన దేశం కూడా అదే బాట పట్టింది.

మెట్ల కింద ఓ మూలన ఇన్వర్టర్. పక్కనే నల్లటి బ్యాటరీ. నెలకో రెణ్నెల్లకో డిస్టిల్డ్ వాటర్ పోయడం ఇంట్లో ఎవరికో ఒకరికి అప్పజెప్పిన పని. కొన్న రోజు 'ఇంత డబ్బా!' అనిపిస్తుంది. అది ఇచ్చే కరెంటును యూనిట్ల లెక్కన చూస్తే మహా ఖరీదు కూడా. అయినా పదో తరగతి పరీక్షల ముందురోజు రాత్రి కరెంటు పోయి, ఫ్యానూ లైటూ ఆగకుండా నడిచినప్పుడు ఆ ఖరీదు ఎవరికీ గుర్తురాదు.

సరిగ్గా ఇదే లెక్క ఇప్పుడు ప్రపంచంలోని విద్యుత్ సంస్థలన్నీ వేసుకుంటున్నాయి. కాకపోతే వాళ్ల ఇన్వర్టర్ మెట్ల కింద పట్టదు. దానికి ఎకరాల కొద్దీ స్థలం కావాలి, వందల కోట్లు కావాలి. అంత డబ్బు పెడితే తిరిగొస్తుందా? ఎవరికి వస్తుంది? ఆ ప్రశ్నలకు జవాబు దొరికింది దక్షిణ ఆస్ట్రేలియాలోని జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో.

పెనం మీది దోసె

ముందు ఓ సంగతి తెలుసుకోవాలి. బియ్యం, పప్పు, పెట్రోలు... ఏదైనా నిల్వ చేసుకోవచ్చు. కరెంటు అలా కాదు. అది హోటల్లో వేడివేడి దోసె లాంటిది. పెనం మీంచి నేరుగా ప్లేట్లోకి వెళ్లాల్సిందే. మనం ఇంట్లో స్విచ్చి వేసిన క్షణంలోనే ఎక్కడో ఓ జనరేటర్ ఆ మేరకు ఎక్కువ కష్టపడాలి. ఉత్పత్తీ వాడకమూ ఎప్పుడూ సమానంగా ఉండాలి. ఆ సమతూకం కుదిరిందో లేదో చెప్పేదే 'ఫ్రీక్వెన్సీ'. మన దగ్గరా ఆస్ట్రేలియాలోనూ అది 50 హెర్ట్జ్. వాడకం పెరిగి ఉత్పత్తి తగ్గితే ఆ అంకె పడిపోతుంది. మరీ పడిపోతే యంత్రాలు పాడవకుండా జనరేటర్లు వాటంతటవే ఆగిపోతాయి. ఒకదాని వెనక ఒకటి... చివరికి అంతా చీకటి!

2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియాలో జరిగింది అదే. పెనుగాలులకు ఇరవైకి పైగా విద్యుత్ టవర్లు నేలకూలాయి. గాలిమరలు కొన్ని తమను తాము రక్షించుకోవడానికి ఉత్పత్తి తగ్గించేశాయి. పక్క రాష్ట్రం విక్టోరియా నుంచి కరెంటు తెచ్చే లైను ఆ భారం మోయలేక ట్రిప్ అయింది. పదిహేడు లక్షల జనాభా ఉన్న రాష్ట్రం మొత్తం క్షణాల్లో అంధకారంలో మునిగిపోయింది. నాలుగు నెలలు గడిచాయో లేదో, 2017 ఫిబ్రవరిలో ఎండలు మండిపోతున్న వేళ మళ్లీ కోతలు. అప్పటికి ఆ రాష్ట్రంలోని చివరి బొగ్గు కేంద్రం మూతబడి ఏడాదైనా కాలేదు. 'గాలిమరల్ని నమ్ముకుంటే ఇంతే' అంటూ రాజకీయ పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి.

వంద రోజుల పందెం

అలాంటి సమయంలో టెస్లా కంపెనీ అధికారి ఒకరు 'వంద రోజుల్లో బ్యాటరీలు పెట్టి ఈ సమస్య తీర్చగలం' అన్నారు. ఆ మాట పేపర్లో చదివిన మైక్ కానన్-బ్రూక్స్ అనే ఆస్ట్రేలియా సాఫ్ట్‌వేర్ వ్యాపారి, ట్విట్టర్లో టెస్లా అధినేత ఎలాన్ మస్క్‌నే అడిగేశారు, నిజంగానే అంటున్నారా అని. ఒప్పందం మీద సంతకం అయిన వంద రోజుల్లో పెట్టకపోతే బ్యాటరీ ఉచితం అని మస్క్ జవాబిచ్చారు. దక్షిణ ఆస్ట్రేలియా ప్రీమియర్, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి, జే వెదరిల్ ఆ మాటను గట్టిగా పట్టుకున్నారు. టెండర్లు పిలిచారు. ఫ్రాన్స్‌కు చెందిన నియోయెన్ కంపెనీ యజమానిగా, టెస్లా సరఫరాదారుగా పని దక్కించుకున్నాయి.

స్థలం జేమ్స్‌టౌన్ దగ్గర, హార్న్స్‌డేల్ గాలిమరల పక్కనే. 2017 సెప్టెంబరు 29న ఒప్పందం ఖరారైంది. డిసెంబరు 1న బ్యాటరీ పనిచేయడం మొదలుపెట్టింది. అంటే అరవై రోజుల పైచిలుకు! సంతకాల నాటికే సగం బ్యాటరీలు బిగించి ఉంచారన్నది కూడా నిజమే. ఎలాగైతేనేం, టెస్లా పందెం గెలిచింది, బిల్లు వసూలు చేసుకుంది.

దాని సామర్థ్యం 100 మెగావాట్లు. నిండా నింపితే లక్షా 29 వేల యూనిట్లు పట్టేది. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద లిథియం బ్యాటరీ మరొకటి లేదు. ఖర్చు దాదాపు 9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు.

వినడానికి ఘనంగానే ఉంది. కానీ అది సరఫరా చేసేది 30 వేల ఇళ్లకు, అదీ గంటసేపు! అందుకే చాలామంది పెదవి విరిచారు. అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి స్కాట్ మోరిసన్ అయితే ఎకసెక్కాలాడారు. ఆస్ట్రేలియాలో రోడ్డు పక్కన పర్యాటకుల కోసం పెద్ద అరటిపండు, పెద్ద రొయ్య బొమ్మలు ఉంటాయి. ఈ బ్యాటరీ కూడా ఆ వరుసలో చేరేదేనన్నారు.

కాపలాకే ఎక్కువ జీతం

నవ్వినవాళ్లు ఒక్క విషయం పట్టించుకోలేదు. ఆ బ్యాటరీ పెట్టింది ఊళ్లకు గంటల తరబడి కరెంటు ఇవ్వడానికి కాదు. దాని అసలు ఉద్యోగం కాపలా.

మొదలైన రెండు వారాలకే అది రుజువైంది. 2017 డిసెంబరు 14న విక్టోరియాలోని లాయ్ యాంగ్ బొగ్గు కేంద్రంలో 560 మెగావాట్ల యూనిట్ ఒక్కసారిగా ఆగిపోయింది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ జారడం మొదలైంది. దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న హార్న్స్‌డేల్ బ్యాటరీ సెకనులో కొంత భాగంలోనే దాన్ని పసిగట్టి ఏడు మెగావాట్లకు పైగా గ్రిడ్‌లోకి పంపింది. ఆ పని చేయాల్సిన బొగ్గు యూనిట్ ఇంకా అందుకోకముందే! ఏడు మెగావాట్లు అంత పెద్ద గండిని పూడ్చలేవు. కానీ బ్యాటరీ ఎంత వేగంగా స్పందిస్తుందో ఇంజినీర్లందరూ కళ్లారా చూశారు. ఆవిరితో తిరిగే భారీ టర్బైన్‌కు వేగం పెరగాలంటే సమయం పడుతుంది. బ్యాటరీకి అక్కర్లేదు.

ఇక్కడే ఉంది అసలు లెక్క. ఫ్రీక్వెన్సీని కాపాడే ఈ సేవలకు ఆస్ట్రేలియాలో ప్రత్యేకంగా ఓ మార్కెట్ ఉంది. విక్టోరియా లైనుకు ముప్పు ఉందనుకున్న రోజుల్లో దక్షిణ ఆస్ట్రేలియా తన సొంత ప్రాంతంలోనే 35 మెగావాట్ల కాపలా సేవను సిద్ధంగా ఉంచుకోవాలి. చూడ్డానికి చిన్న అంకె. కానీ దాన్ని అందించగలిగే గ్యాస్ కేంద్రాలు కొన్నే. అమ్మేవాళ్లు నలుగురే ఉండి, కొనక తప్పదని తెలిస్తే ఏమవుతుంది? పెళ్లిళ్ల సీజన్లో మల్లెపూల ధరే! మెగావాట్‌కు గంటకు వేల డాలర్లు పలికేది. ఆ డబ్బంతా చివరికి పడేది వినియోగదారుల నెత్తినే.

బ్యాటరీ రంగంలోకి దిగగానే ఆ ఆట ముగిసింది. ఆరెకాన్ అనే ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ లెక్క ప్రకారం 2018లో ఈ సేవల ఖర్చులో దాదాపు 4 కోట్ల డాలర్లు మిగిలాయి. 2019లో 11 కోట్ల 60 లక్షలు. రెండేళ్లు కలిపితే పదిహేను కోట్ల పైనే. బ్యాటరీ ఖరీదు తొమ్మిది కోట్లు!

అయితే ఒక మెలిక ఉంది. ఈ పదిహేను కోట్లు బ్యాటరీ యజమాని జేబులోకి వెళ్లలేదు. ధర తగ్గడం వల్ల కరెంటు కొనేవాళ్లకు మిగిలిన సొమ్మది. యజమానికి ఆదాయం మూడు దారుల్లో వస్తుంది. సామర్థ్యంలో 70 మెగావాట్లను ప్రభుత్వ అవసరాలకు కేటాయించినందుకు సర్కారు ఏటా ఇచ్చే మొత్తం ఒకటి. కాపలా సేవల మార్కెట్లో వచ్చేది రెండోది. మిగతా 30 మెగావాట్లతో చవగ్గా ఉన్నప్పుడు కరెంటు కొని, ధర పెరిగినప్పుడు అమ్ముకుంటే వచ్చేది మూడోది. 2018 జనవరి ఎండల్లో అక్కడ వెయ్యి యూనిట్ల ధర 14 వేల డాలర్ల దాకా పోయింది. అలాంటి ఒక్క సాయంత్రం చాలు, బ్యాటరీకి పండగే.

2020లో ఈ బ్యాటరీని సగం మేర పెంచి 150 మెగావాట్లు చేశారు. ఆ ఏడాది మొదట్లోనే ఈదురుగాలులకు టవర్లు కూలి, దక్షిణ ఆస్ట్రేలియాకు పక్క రాష్ట్రంతో పద్దెనిమిది రోజులపాటు సంబంధం తెగిపోయింది. ఈసారి రాష్ట్రం చీకట్లోకి జారిపోలేదు.

అంతా తీపే కాదు

మచ్చలూ ఉన్నాయి. 2019లో కొన్ని నెలలపాటు తాను ఇస్తానన్న కాపలా సేవను ఇవ్వగలిగే స్థితిలో లేకుండానే డబ్బు తీసుకుందని నియంత్రణ సంస్థ హార్న్స్‌డేల్ మీద కోర్టుకెళ్లింది. 2022లో 9 లక్షల డాలర్ల జరిమానా పడింది. కాపలా కాసేవాడి మీదా ఓ కన్నేసి ఉంచాలన్నమాట.

రెండో సమస్య వ్యాపారంలో అందరికీ తెలిసిందే. ఒక వీధిలో ఒక్క టిఫిన్ సెంటర్ ఉంటే బాగా నడుస్తుంది. దాన్ని చూసి పక్కన ఇంకో నాలుగు పెడితే? హార్న్స్‌డేల్ లాభాలు చూసి ఆస్ట్రేలియాలో బ్యాటరీలు వరస కట్టాయి. కాపలా సేవల మార్కెట్ చిన్నది. నలుగురు పంచుకునేసరికి అక్కడి ధరలు పడిపోయాయి. దాంతో కొత్తగా వచ్చేవి మధ్యాహ్నం సౌర విద్యుత్తును కొని రాత్రి అమ్మే వ్యాపారం మీద ఎక్కువగా ఆధారపడుతున్నాయి. అందుకే మొదట్లో గంట, గంటన్నరకు సరిపడా కట్టినవాళ్లు తర్వాత రెండు గంటలు, నాలుగు గంటలకు మారారు.

మూడోది భద్రత. 2021 జులైలో విక్టోరియాలో కొత్త బ్యాటరీ పరీక్షల దశలోనే మంటల్లో చిక్కుకుంది. 2025 జనవరిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో మాస్ ల్యాండింగ్ అనే చోట 300 మెగావాట్ల బ్యాటరీ భవనం తగలబడింది. చుట్టుపక్కల వాళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఇలాంటి అనుభవాల తర్వాత బ్యాటరీలన్నిటినీ ఒకే భవనంలో కుక్కకుండా ఆరుబయట విడివిడి పెట్టెల్లో, మధ్యలో ఖాళీ వదిలి పెట్టడం, త్వరగా నిప్పంటుకోని రసాయనాలు వాడటం పెరిగింది.

మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్క

ఇక మన దగ్గరికొద్దాం. గుంటూరు మిర్చి రైతుకు ఈ వ్యాపారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పంట ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు ధర ఉండదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, రేటు వచ్చాక అమ్ముకుంటాడు. స్టోరేజీ యజమానికి మాత్రం మిర్చి ధరతో పనిలేదు. ఆయనకు రావాల్సింది బస్తాకింత అద్దె.

మన సౌర విద్యుత్తుదీ ఇదే కథ. మధ్యాహ్నం ఎండకు కావలసినంత వస్తుంది. కొనేవాళ్లు లేక ధర పడిపోతుంది, కొన్నిసార్లు ఉత్పత్తినే ఆపుకోమంటారు. సాయంత్రం ఆరు దాటాక సూర్యుడు వెళ్లిపోతాడు. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు మొదలవుతాయి. డిస్కంలు ఎక్స్ఛేంజీలో కరెంటు కోసం పోటీపడతాయి. అక్కడ యూనిట్ ధర పది రూపాయలు దాటకూడదని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2023లో పరిమితి పెట్టింది. అంటే అంతవరకూ వెళ్తోందనే కదా!

అందుకే మన ప్రభుత్వ సంస్థలు బ్యాటరీలకు కోల్డ్ స్టోరేజీ పద్ధతినే ఎంచుకున్నాయి. ప్రైవేటు కంపెనీ బ్యాటరీ కట్టి నడుపుతుంది. విద్యుత్ సంస్థ నెలకు మెగావాట్‌కు ఇంత అని అద్దె కడుతుంది. ఎప్పుడు నింపాలో, ఎప్పుడు వాడుకోవాలో సంస్థ ఇష్టం.

ఆ అద్దె ఎలా తగ్గిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 2022లో కేంద్ర ప్రభుత్వ సంస్థ 'సెకి' పిలిచిన మొదటి పెద్ద టెండర్లో నెలకు మెగావాట్‌కు రూ.10.84 లక్షలు పలికింది. 2024 మొదట్లో గుజరాత్ టెండర్లో అది రూ.4.49 లక్షలకు దిగింది. అదే ఏడాది చివర్లో రాజస్థాన్‌లో రూ.2.21 లక్షలు! రెండున్నరేళ్లలో అయిదో వంతు.

దీన్ని మన ఇంటి భాషలోకి, అంటే యూనిట్లలోకి మార్చుకుందాం. ఇవన్నీ రెండు గంటల బ్యాటరీలు. ఒక మెగావాట్‌కు రెండు వేల యూనిట్లు పడతాయి. రోజుకోసారి నింపి ఖాళీ చేస్తే నెలకు అరవై వేల యూనిట్లు. ఆ లెక్కన 2022 ధరకు నిల్వ ఖర్చే యూనిట్‌కు 18 రూపాయలు. రాజస్థాన్ ధరకు రూ.3.68 మాత్రమే. నింపడానికి రెండున్నర రూపాయల సౌర విద్యుత్తు వాడారనుకుందాం. వంద యూనిట్లు పోస్తే తిరిగొచ్చేది 85 వరకే. కాబట్టి ఆ ఖర్చు యూనిట్‌కు దాదాపు రూ.2.94 అవుతుంది. రెండూ కలిపితే సాయంత్రం చేతికొచ్చే యూనిట్ సుమారు రూ.6.60. ఎక్స్ఛేంజీలో పది రూపాయలు పెట్టి కొనే రోజున ఇది లాభం. నాలుగు రూపాయలకే దొరికే రోజున దండగ. రోజుకు రెండుసార్లు నింపి వాడుకోగలిగితే నిల్వ ఖర్చు సగానికి, అంటే రూ.1.84కి తగ్గుతుంది. అంటే పెట్టడం ఒక్కటే కాదు, తెలివిగా వాడటంలోనే ఉంది కిటుకు. వాడినా వాడకపోయినా అద్దె మాత్రం కట్టాల్సిందే మరి!

ధర ఇంతలా తగ్గడానికి కారణాలు రెండు. ఒకటి, లిథియం బ్యాటరీల ధర. 2010లో ఒక యూనిట్ నిల్వ చేసే బ్యాటరీకి వెయ్యి డాలర్లకు పైనే అయ్యేది. 2024లో సగటున 115 డాలర్లు. మధ్యలో 2022లో లిథియం కొరతతో ఒకసారి పెరిగింది కూడా. కాబట్టి ఎప్పటికీ తగ్గుతూనే ఉంటుందని ధీమా పనికిరాదు. అందులోనూ ఈ సెల్స్‌లో అత్యధిక భాగం తయారయ్యేది చైనాలోనే. రెండో కారణం సర్కారు సాయం. 2023లో కేంద్రం బ్యాటరీల పెట్టుబడిలో 40 శాతం దాకా భరించే పథకం తెచ్చింది. 2025లో ఇంకో విడతగా రూ.5,400 కోట్లు ప్రకటించింది. అంటే పైన చెప్పిన చవక ధరలో కొంత మనం పన్నుల రూపంలో కట్టిందే.

2025లో దిల్లీలోని కిలోకరి సబ్‌స్టేషన్లో 20 మెగావాట్ల బ్యాటరీ పనిచేయడం మొదలెట్టింది. నలభై వేల యూనిట్లు పట్టే ఈ బ్యాటరీ సాయంత్రం వేళ ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం తగ్గిస్తుంది.

నీళ్ల బ్యాటరీ మనకెప్పుడో ఉంది

నిజానికి గ్రిడ్ బ్యాటరీ తెలుగువాళ్లకు కొత్తేం కాదు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఏడు యూనిట్లు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఆరు యూనిట్లు రెండువైపులా తిరిగేవే. అవసరమైనప్పుడు నీళ్లు కిందికి వదిలి కరెంటు తీస్తాయి. కరెంటు మిగిలినప్పుడు అదే నీటిని వెనక్కి ఎత్తిపోస్తాయి. కొండమీద దాచిన నీళ్లే బ్యాటరీ! నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదితో సంబంధం లేకుండా రెండు జలాశయాల మధ్యే నీళ్లు తిప్పే 1,680 మెగావాట్ల కేంద్రం కట్టారు. 2025లో దాని యూనిట్లు ఒక్కొక్కటిగా ఉత్పత్తిలోకి రావడం మొదలైంది.

రెండిటికీ పోలిక పెడితే... నీళ్ల బ్యాటరీ కట్టడానికి ఏళ్లు పడుతుంది, కొండలూ నీళ్లూ అనుమతులూ కావాలి. కానీ ఆరేడు గంటలు ఏకధాటిగా ఇస్తుంది, దశాబ్దాలు మన్నుతుంది. లిథియం బ్యాటరీ నెలల్లో లేస్తుంది, ఊరి సబ్‌స్టేషన్ పక్కనే ఒదుగుతుంది. కానీ ఏటేటా కొంత శక్తి కోల్పోతుంది. మన దగ్గర ఒప్పందాలు సాధారణంగా పన్నెండేళ్లకు రాసుకుంటున్నది అందుకే.

వీటన్నిటికన్నా చవకైన నిల్వ మరొకటుంది. రాత్రి తిరిగే మోటారును పగలు తిప్పడం! ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూటే తొమ్మిది గంటలు ఇవ్వాలన్న విధానంలో ఉన్న లాభం అదే. ఎండ ఉన్నప్పుడే పొలంలోకి నీళ్లు చేరిపోతే, రాత్రికి దాచాల్సిన కరెంటు ఆ మేరకు తగ్గుతుంది. రైతుకు పాముల భయమూ తప్పుతుంది.

బిల్లులో కనిపిస్తుందా?

చివరికి ఇంటి యజమాని అడిగేది ఒక్కటే. 'మా బిల్లు తగ్గుతుందా?' అని. హార్న్స్‌డేల్ నేర్పిన పాఠం ఏమిటంటే, బ్యాటరీ వల్ల ధర దిగడం ఒక ఎత్తు, ఆ లాభం ఇంటిదాకా రావడం మరో ఎత్తు. మన దగ్గర డిస్కంలు ఎక్కువ ధరకు కరెంటు కొన్న భారం తర్వాత ట్రూఅప్ ఛార్జీల పేరుతో బిల్లులోకి రావడం అందరికీ అనుభవమే. సాయంత్రం పది రూపాయల కరెంటుకు బదులు ఆరున్నర రూపాయల కరెంటు వాడితే ఆ భారం తగ్గాలి. అదే సమయంలో వాడకుండా వదిలేసిన బ్యాటరీకి కట్టిన అద్దె కూడా అదే బిల్లులోకి వస్తుంది. ఈ రెండిట్లో ఏది జరుగుతోందో అడిగే చోటు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ. అక్కడ మామూలు వినియోగదారుడికీ మాట్లాడే హక్కుంది.

ఈలోగా మెట్ల కింద ఇన్వర్టర్‌కి డిస్టిల్డ్ వాటర్ పోయడం మాత్రం మరిచిపోకండి!

మెగావాట్‌కూ యూనిట్‌కూ తేడా ఏమిటి?

బ్యాటరీ గురించి ఎప్పుడూ రెండు అంకెలు చెబుతారు. నీళ్ల ట్యాంకుతో పోల్చుకుంటే సులువు.

* మెగావాట్లు అంటే కుళాయి సైజు. ఒక్కసారిగా ఎంత ధారగా ఇవ్వగలదో చెబుతుంది.

* యూనిట్లు అంటే ట్యాంకు సైజు. మొత్తం ఎంత పడుతుందో చెబుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వాడితే ఒక యూనిట్. వెయ్యి యూనిట్లయితే ఒక మెగావాట్ అవర్.

* ట్యాంకును కుళాయితో భాగిస్తే ఎన్ని గంటలు వస్తుందో తెలుస్తుంది. కిలోకరి బ్యాటరీలో నలభై వేల యూనిట్లు, 20 మెగావాట్లు. అంటే పూర్తి ధారతో రెండు గంటలు.